వేలు పట్టుకుని మ్యూజియానికి

2003లో లండన్ రాయల్ అకాడమీలో అజ్టెక్ కళాఖండాల ప్రదర్శన నడుస్తోంది. డియా బర్కెట్ అనే పాత్రికేయురాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. రెండేళ్ల కొడుకు డేగ వేషంలో ఉన్న యోధుడి విగ్రహాన్ని చూసి ‘‘రాక్షసుడు!’’ అని గట్టిగా అరిచాడు. సిబ్బంది వాళ్లను బయటికి పంపేశారు. ఆమె ఈ సంగతి గార్డియన్ పత్రికలో రాస్తే, మాకూ ఇలాగే జరిగిందంటూ పాఠకులు స్పందించారు. ఆ స్పందనలోంచే ‘కిడ్స్ ఇన్ మ్యూజియమ్స్’ అనే సంస్థ పుట్టింది. కుటుంబాల మాట విని, వాళ్లకేం కావాలో మ్యూజియంలకు చెప్పడం దాని పని.

ఆ పిల్లాడు చేసిన తప్పేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. విగ్రహాన్ని చూశాడు. అది తన మీద కలిగించిన ప్రభావం ఏమిటో ఒక్క ముక్కలో చెప్పాడు. చెప్పింది కూడా ఎవరికి? పక్కనున్న అమ్మకి. అమ్మ ‘‘ఎందుకు రాక్షసుడు అనుకుంటున్నావ్? ముక్కు చూశావా?’’ అని అడిగితే అక్కడే ఒక పాఠం మొదలయ్యేది.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు మ్యూజియంలు, ఆర్ట్ గ్యాలరీలు ఏం చేయగలవన్న ప్రశ్న మీద వందేళ్లకు పైగా పని జరిగింది. అందులో ఎక్కువ భాగం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో జరిగినా, తేలిన విషయాలు మన సాలార్‌జంగ్‌కూ, విశాఖ బీచ్ రోడ్డు మీది జలాంతర్గామి మ్యూజియానికీ పనికొచ్చేవే. అదంతా కలిపి చూస్తే నాకు కనిపించేది ఇది: పిల్లల ముందు ఏ వస్తువు పెట్టాలి అన్న ఆలోచనలోనే మ్యూజియంలు చాలాకాలం గడిపాయి. పిల్లల పక్కనున్న మనిషిని పట్టించుకోవడం ఆలస్యంగా మొదలుపెట్టాయి. మన దగ్గర ఆ రెండో పని ఇంకా సరిగా మొదలు కాలేదు.

ప్రపంచంలో తొలి పిల్లల మ్యూజియం 1899లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో తెరిచారు. 1913లో బోస్టన్‌లో మరొకటి వచ్చింది. అసలు మలుపు మాత్రం 1962లో మైఖేల్ స్పాక్ బోస్టన్ పిల్లల మ్యూజియం డైరెక్టర్ అయ్యాకే వచ్చింది. పిల్లల పెంపకం పుస్తకంతో ఇంటింటికీ తెలిసిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ కొడుకాయన. చిన్నప్పుడు చదవడం రాక చాలా అవస్థ పడ్డవాడు. అక్షరాలతో కాకుండా చేతులతో, కళ్లతో నేర్చుకునే పిల్లల సంగతి ఆయనకు సొంత అనుభవం. రోజూ వాడే వస్తువులను కోసి లోపలేముందో చూపించే ప్రదర్శన పెట్టాడు. అద్దాల బీరువాలు తీయించి, వస్తువుల్ని పిల్లల చేతికి అందించాడు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ పెట్టిన ఎక్స్‌ప్లొరేటోరియం ఇదే దారిని సైన్సులోకి తీసుకెళ్లింది. మన సైన్స్ మ్యూజియంలలో మీట నొక్కితే తిరిగే చక్రాలూ, తిప్పితే వెలిగే బల్బులూ ఆ వరసలోవే.

కళల వైపు ఇంకో ప్రయోగం జరిగింది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో విక్టర్ డమికో 1942లో పిల్లల ఆర్ట్ కార్నివాల్ మొదలుపెట్టాడు. లోపలికి వెళ్లే ద్వారం పిల్లల ఆకారంలోనే ఉండేది. అందులోంచి పిల్లలే పడతారు. పెద్దవాళ్లకు ప్రవేశం లేదు, బయట నిలబడి చూడాల్సిందే. పక్కన ఉంటే ‘‘అలా కాదు, ఇలా వెయ్యి’’ అంటారని డమికో భయం. 1963లో ఈ కార్నివాల్ మన దేశానికీ వచ్చింది. ఆయన భయం అబద్ధం కాదు. త్రికోణం పైకప్పు ఇల్లు, వెనక రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ముందు కొబ్బరిచెట్టు. ఈ బొమ్మ మన పిల్లలందరి డ్రాయింగ్ పుస్తకాల్లోనూ ఒకేలా ఉంటుందంటే అది పిల్లల ఊహ కాదు, పెద్దల చెయ్యి.

అయినా పెద్దవాళ్లను బయట నిలబెట్టడం దీనికి మందు కాదు. అరవై ఏళ్ల తరవాత, 2002లో జపాన్ చిత్రకారిణి యాయొయి కుసామా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీ పిల్లల కోసం ఒక గది తయారుచేసింది. గోడలు, బల్ల, కుర్చీలు, సోఫా అన్నీ తెలుపే. వచ్చినవాళ్లకు రంగురంగుల చుక్కల స్టిక్కర్లు ఇస్తారు, ఎక్కడైనా అతికించొచ్చు. కొన్ని రోజులకు గదంతా చుక్కలమయం. ఇక్కడ తండ్రికీ నాలుగేళ్ల కూతురికీ చేతిలో ఉన్నవి అవే చుక్కలు. తప్పంటూ లేదు కాబట్టి దిద్దే పనీ లేదు. పెద్దవాళ్ల పెత్తనం పోగొట్టాలంటే వాళ్లకూ పిల్లలతో సమానంగా ఒక పని ఇవ్వడమే సరైన ఉపాయమని ఈ గది చూపించింది.

పెద్దల్ని లెక్కలోకి తీసుకున్న పరిశోధన 1990లలో ఫిలడెల్ఫియా ప్రాంతంలో జరిగింది. ఒక సైన్స్ మ్యూజియం, ఒక ప్రకృతి చరిత్ర మ్యూజియం, ఒక జూ, ఒక అక్వేరియం చేతులు కలిపాయి. మిండా బోరన్ బృందం కుటుంబాలు ప్రదర్శనల ముందు ఏం మాట్లాడుకుంటున్నాయో, ఎవరు ఎవర్ని ఏం అడుగుతున్నారో గమనించింది. ఏ ప్రదర్శన ముందు మాటలు పుడుతున్నాయో, ఏ ప్రదర్శన ముందు చచ్చుబడుతున్నాయో చూసి, కుటుంబానికి పనికొచ్చే ప్రదర్శన లక్షణాలు ఏడింటిని తేల్చింది. వాటిలో కొన్ని ఇవి: చుట్టూ నిలబడగలగాలి. ఒకేసారి చాలా చేతులు పట్టాలి. పిల్లలకూ పెద్దలకూ అందే ఎత్తులో ఉండాలి. ఒకే జవాబుతో ముగిసిపోకూడదు. రాసింది ముక్కలు ముక్కలుగా చదువుకునేలా, చదివి వినిపించేలా ఉండాలి. ఆ లక్షణాలతో ప్రదర్శనలను మార్చి చూస్తే కుటుంబాల సంభాషణ నిజంగానే పెరిగింది.

ఈ కొలబద్దతో మన మ్యూజియంల కొత్త హంగుల్ని చూడండి. డబ్బు మంజూరు కాగానే ముందు కొనేది టచ్ స్క్రీన్. దాని ముందు ఒక్క పిల్లాడే నిలబడగలడు. చెల్లెలు వెనక నుంచి తోస్తుంది, నాన్న ఫోను తీస్తాడు, నానమ్మ కూర్చోవడానికి చోటు వెతుక్కుంటుంది. అదే డబ్బుతో నాలుగు వైపులా నలుగురు నిలబడే ఒక బల్ల, దాని మీద ముట్టుకోదగిన నాలుగు నమూనాలు పెడితే కుటుంబమంతా దాని చుట్టూ చేరుతుంది. నా మటుకు నేను ఆ బల్లకే ఓటేస్తాను.

పెద్దవాళ్లకు కాస్త ఊతమిస్తే ఎంత తేడా వస్తుందో షికాగో పిల్లల మ్యూజియంలో చూశారు. ఆకాశహర్మ్యం కట్టే ఆట అది. 2010లో ప్రచురించిన ఆ అధ్యయనంలో కొన్ని కుటుంబాలకు ముందే రెండు సంగతులు చెప్పారు. ఒకటి, ఏటవాలు కడ్డీతో త్రికోణం చేస్తే కట్టడం గట్టిగా నిలుస్తుందని. రెండోది, పిల్లల్ని ‘ఎందుకు, ఎలా, ఏమిటి’ అని మొదలయ్యే ప్రశ్నలు అడగమని. త్రికోణం సంగతి తెలిసినవాళ్లు గట్టి కట్టడాలు కట్టారు. ప్రశ్నల సంగతి విన్నవాళ్ల మధ్య మాటలు పెరిగాయి. చేసింది కొన్ని నిమిషాల పరిచయమే. ఖర్చు దాదాపు లేదు.

ఇదే కోవలో కాలిఫోర్నియాలోని శాన్‌హోసే పిల్లల మ్యూజియంలో 2001లో బయటపడిన సంగతి ఆడపిల్లల తల్లిదండ్రులు, అన్నలు, మామయ్యలు అందరూ తెలుసుకోవాల్సింది. కెవిన్ క్రౌలీ, మౌరీన్ కాలనన్ బృందం ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న కుటుంబాలను సైన్స్ ప్రదర్శనల ముందు వీడియో తీసింది. దాన్నెలా తిప్పాలో, అక్కడేం కనిపిస్తోందో ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగానే చెప్పారు. ఆడపిల్లలూ అంతే ఉత్సాహంగా ఆడారు. కానీ అది ఎందుకలా జరుగుతోందో వివరించడం దగ్గరికొచ్చేసరికి, మగపిల్లలకు మూడు రెట్లు ఎక్కువగా వివరించారు. ఆ తల్లిదండ్రులెవరూ కావాలని చేయలేదు. కూతురికి చెప్పకుండా కొడుక్కే చెప్పాలని ఎవరూ ఇంటి దగ్గర నిర్ణయించుకుని రారు. అందుకే ఈ పక్షపాతాన్ని ఇంట్లోకంటే మ్యూజియంలోనే పట్టుకోవడం తేలిక. ప్రదర్శన పక్కన ‘ఇది ఎందుకిలా అయిందో మీ అమ్మాయిని అడగండి’ అని ఒక్క వాక్యం రాసి పెడితే, ఆ ఒక్క చోటైనా ఆ మాట పడుతుంది.

పిల్లలకు ఏం గుర్తుంటుంది అన్నది ఇంకో ప్రశ్న. దీని మీద నాకు బాగా నచ్చిన పని బ్రిస్బేన్‌లో బార్బరా పిసిటెల్లి, డేవిడ్ ఆండర్సన్, వాళ్ల సహచరులు చేసింది. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల్ని రకరకాల మ్యూజియంలకు తీసుకెళ్లి, తరవాత ఏం గుర్తుందో అడిగారు. పెద్ద పెద్ద వస్తువులు గుర్తున్నాయి, ఇది ఎవరైనా ఊహించేదే. ఊహించనిది ఇంకొకటి. ముట్టుకుని తిప్పే యంత్రాలన్నీ మనసులో నిలవలేదు. తమ రోజువారీ బతుకుతో, ఆటతో, కథతో ముడిపడినవే నిలిచాయి. చేతికి అందితే చాలు, చదువు వచ్చేస్తుందన్న నమ్మకం మీద స్పాక్ తరం నడిచింది. బ్రిస్బేన్ ఫలితం ఆ నమ్మకాన్ని కొట్టిపారేయలేదు కానీ సరిదిద్దింది: చేతికి అందిన వస్తువుకు ఒక కథో, తెలిసిన అనుభవమో తోడు కావాలి. చిన్నపిల్లలకు ఆ తోడు తెచ్చేది వెంట వచ్చిన మనిషే.

ఇక రెండేళ్లలోపు, మూడేళ్లలోపు పిల్లల సంగతి. వీళ్లు మ్యూజియంలో నిలబడరు, పరుగెడతారు. బ్రిటన్‌లో అబిగైల్ హాకెట్ అలాంటి పిల్లల వెంట, వాళ్ల తల్లుల వెంట మ్యూజియంలలో తిరిగి, ఆ పరుగు అల్లరి కాదు, ఆ వయసులో ఒక చోటును తెలుసుకునే పద్ధతి అని రాసింది. అదే మూల నుంచి అదే మూలకు మళ్లీ మళ్లీ పరుగెత్తడం వాళ్లకు ఆ గదితో పరిచయం చేసుకోవడం. విలువైన వస్తువులున్న గదుల్లో పరుగులు కుదరవు, నిజమే. కానీ ప్రతి మ్యూజియంలోనూ ఒక వరండానో, ఆవరణో ఉంటుంది. పిల్లల్ని ముందు అక్కడ వదిలి, తరవాత లోపలికి తీసుకెళ్లమని గేటు దగ్గర చెప్పే మనిషి ఉంటే సగం గొడవ తీరుతుంది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. అందులో కుటుంబాలు అత్యంత సంతోషంగా ఉండే చోటు ఏది అంటే గడియారం ముందు. గంట కొట్టే వేళకు కాస్త ముందు నుంచే జనం చేరతారు. పిల్లలు భుజాల మీదికెక్కుతారు. గడ్డం మనిషి బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొడుతుంటే, పిల్లలూ పెద్దలూ కలిసి పైకే లెక్కపెడతారు. కొట్టడం అయిపోయాక ఆ బొమ్మ లోపలికి వెళ్లిపోతుంది. ‘‘తాతా, మళ్లీ ఎప్పుడొస్తాడు?’’ ‘‘గంటకి వస్తాడమ్మా.’’ ‘‘లోపల ఏం చేస్తుంటాడు?’’ ఫిలడెల్ఫియా వాళ్లు చెప్పిన లక్షణాలు చాలావరకు ఇక్కడున్నాయి. ఎంతమందైనా చూడొచ్చు, మూడేళ్లవాడికీ డెబ్బయ్యేళ్లాయనకీ అదే సంబరం, చదవాల్సింది ఏమీ లేదు, వేచి ఉండడంలో మాటలు పుడతాయి. పిల్లల కోసం తయారుచేసిన గడియారం కాదది. అయినా వాళ్లదే అయిపోయింది.

ఆ మ్యూజియంలోనే ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, వెనక మార్గరెటా అనే యువతి ఉన్న కొయ్య బొమ్మ ఉంది. వెనకనున్న అద్దంలో రెండో మనిషి కనిపిస్తుంది. శిల్పి బెన్జోనీ 1876లో చెక్కిన ‘ముసుగు రెబెకా’ అనే పాలరాతి బొమ్మ ఉంది. ‘ఆ ముసుగు బట్టా, రాయా?’ అన్న ప్రశ్న అయిదేళ్ల పిల్లని ఎంతసేపైనా అక్కడ నిలబెడుతుంది. ముట్టుకోనివ్వకపోవడం న్యాయమే. కానీ పక్కనే ఒక పాలరాతి ముక్క, ఒక పలచటి బట్ట ముక్క పెట్టి ముట్టుకోమనొచ్చు. ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లో చూపులేని సందర్శకుల కోసం ‘అనుభవ్’ పేరుతో తడిమి చూసే నమూనాల గ్యాలరీ తెరిచింది. చేతులతో చూసే హక్కు చిన్నపిల్లలకూ అంతే అవసరం.

విశాఖలో 2002లో మ్యూజియంగా తెరిచిన కుర్సురా జలాంతర్గామి బ్రిస్బేన్ ఫలితానికి నిలువెత్తు ఉదాహరణ. 91 మీటర్ల పొడవున్న ఆ ఓడలో పెద్దవాళ్లు గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి, కాలెత్తి దాటాల్సి వస్తే, పిల్లలు సునాయాసంగా దూరిపోతారు. ఎక్కడైనా పెద్దల కొలతల మధ్య తిరిగే పిల్లలకు ఇక్కడ కొలతలు తమవే అనిపిస్తాయి. టార్పెడోల గురించి ఎంత చెప్పినా పిల్లలు అడిగేది మంచాల గురించే. ఇంత చిన్న మంచంలో ఎలా పడుకుంటారు, అన్నం ఎక్కడ వండుతారు, స్నానం ఎక్కడ చేస్తారు? నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే అక్కడ దగ్గరుండి చూపిస్తారు. అందులో బతుకు ఎలా ఉంటుందో ఎరిగిన మనిషి చెబితే ఏ లేబులూ సాటిరాదు.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్న డైనోసార్ అస్థిపంజరం పరాయిది కాదు, మన గోదావరి లోయదే. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలను పరిశీలించి, జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. సినిమాల్లో చూసిన విదేశీ డైనోసార్ల పేర్లు గడగడా చెప్పే పిల్లలకు, ‘ఇది మన ఊళ్ల వైపు తిరిగింది’ అని చెబితే ఆ ఎముకలు ఇంకో ఎత్తు పెరుగుతాయి. ఆ మాట తల్లిదండ్రుల చెవిన వేయాల్సింది మ్యూజియమే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేవి రాతిశిల్పాల గదులు. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి స్తూపం నుంచి వెళ్లిన గుండ్రటి ఫలకం ఒకటుంది. నలగిరి ఏనుగు కథ అది. ఒక పక్క మదమెక్కిన ఏనుగు మనిషిని పట్టి విసురుతోంది. జనం హడలిపోతున్నారు. మేడ మీద కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వంగి ఉంది. సినిమా రీలులా రెండు ఘట్టాలు ఒకే చట్రంలో. ఇలాంటి శిల్పాల కింద మన మ్యూజియంలు సాధారణంగా రాసేది కాలం, రాయి, దొరికిన ఊరు. అది పరిశోధకుడికి కావాల్సిందే. దాని కింద ఇంకొక్క వాక్యం, పిల్లల కంటి ఎత్తులో: ‘ఇందులో ఏనుగులు ఎన్ని?’

‘‘అమ్మమ్మా, రెండున్నాయి!’’

‘‘రెండు కాదు కన్నా, ఒకటే. ఇటు చూడు, ఇక్కడ కోపంగా ఉంది. అటు చూడు, ఏం చేస్తోంది?’’

‘‘దణ్ణం పెడుతోంది. ఎందుకమ్మమ్మా?’’

ఈ మాటల కోసం అమ్మమ్మకు చదువు రానక్కర్లేదు. కథ చెప్పడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో జరిగేది అచ్చంగా ఇదే: మెట్లు పిల్లలు సర్దుతారు, కొండపల్లి దశావతారాల్లో ఎవరు ఎవరో నానమ్మ చెబుతుంది, పేరంటానికి వచ్చినవాళ్లకు మళ్లీ పిల్లలు చెబుతారు. ఈ నేర్పు మన కుటుంబాల్లో దండిగా ఉంది. మ్యూజియం గుమ్మంలో ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు దగ్గర దాన్ని వదిలేసి లోపలికి రావాల్సి వస్తోంది. లండన్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలకూ ఇది వర్తిస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి ఫలకాల ముందు నిలబడి సింహాలు ఎక్కడున్నాయో వెతకమంటే, అమ్మానాన్నల ఊరి కబుర్లు వాటంతటవే వస్తాయి.

దేశంలో మంచి ప్రయత్నాలు లేకపోలేదు. ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ 2019లో పిల్లల మ్యూజియం తెరిచి, ప్రదర్శనల ఎంపికలో పిల్లల్నే భాగస్వాములను చేసింది. 2015 నుంచి ఆ సంస్థ బస్సులో మ్యూజియాన్ని ఊళ్లకు పంపుతోంది. మన కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ సైన్స్ నమూనాలను వాహనాల్లో బడులకు తీసుకెళ్తోంది. అయితే ఇవి ఎక్కువగా బడి పిల్లలకు చేరేవి. బడి ద్వారా జరిగే మ్యూజియం యాత్ర గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. యాభై మంది, ఒక టీచరు, ‘లైన్ తప్పొద్దు’. గంటలో ముప్పై గదులు. ఆ పిల్లల్లో ప్రతి ఒక్కరి చేతిలో ‘మీ ఇంట్లోవాళ్లతో మళ్లీ రండి’ అని ఒక ఉచిత కుటుంబ టికెట్ పెట్టి పంపితే, ఆ యాత్రకు అసలు ఫలం రెండోసారి దక్కుతుంది.

డబ్బు సంగతి మాట్లాడకుండా కుటుంబాల గురించి మాట్లాడలేం. బ్రిటన్ జాతీయ మ్యూజియంలు 2001 డిసెంబరు నుంచి అందరికీ ఉచితం. అమెరికాలో 2014లో మొదలైన ‘మ్యూజియమ్స్ ఫర్ ఆల్’ కింద ఆహార సాయం కార్డున్న కుటుంబాలు మూడు డాలర్లకు మించకుండా ప్రవేశించవచ్చు. మన దగ్గర టికెట్ కంటే ఆటో ఖర్చు, మధ్యాహ్నం తిండి, చంటిపిల్లకు పాలిచ్చే చోటు లేకపోవడం పెద్ద అడ్డంకులు. పేద ఇళ్ల చిన్నపిల్లలు 1975 నుంచి ఉన్న అంగన్‌వాడీల్లోనే దొరుకుతారు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. 2023లో ఆ వయసు పిల్లలకు ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె వచ్చింది. ఆ ఏర్పాట్ల పక్కన మ్యూజియం ఊసు నాకు బలంగా వినిపించదు. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థ 1988 నుంచి మ్యూజియంలలోనే పసిపిల్లల బడి నడుపుతోంది. అంత దూరం వెళ్లలేకపోయినా, నెలకొకసారి దగ్గర్లోని అంగన్‌వాడీ తల్లులనూ పిల్లలనూ బస్సు పెట్టి పిలవడం ఏ జిల్లా మ్యూజియానికైనా సాధ్యమే.

చివరగా గ్యాలరీలో కుర్చీ వేసుకుని కూర్చునే అటెండరు. కుటుంబాలకు మ్యూజియం అంటే ఆయనే. డైరెక్టరు ఎవరో వాళ్లకు తెలియదు. ‘‘ఏయ్, ముట్టుకోవద్దు’’ అన్నది ఆయన నేర్చుకున్న మొదటి మాట, చాలాసార్లు ఏకైక మాట. ఆ ఉద్యోగం అలాగే అప్పజెప్పాం కాబట్టి తప్పు ఆయనది కాదు. ఏళ్ల తరబడి ఆ వస్తువుల మధ్యే కూర్చున్న మనిషికి జనం ఎక్కడ ఆగుతారో, ఏం అడుగుతారో క్యూరేటర్ కంటే బాగా తెలుసు. ఆయనకు రెండు రోజుల శిక్షణ, మూడు మంచి ప్రశ్నలు, పిల్లలకు ఇచ్చేందుకు ఒక పెన్సిలూ కాగితాల కట్టా ఇస్తే చాలు.

సాలార్‌జంగ్‌లో ఏటా నవంబరులో బాలల వారోత్సవాలు జరుగుతాయి. పోటీలు, బహుమతులు, బడుల సందడి ఉంటాయి. ఆ వారాన్ని ఏడాదంతా పరచాలంటే కొత్త భవనం అక్కర్లేదు. ఆదివారం పొద్దున ఒక గంట, రెండే గ్యాలరీలు, పది చాపలు, పెద్దవాళ్లకు కొన్ని కుర్చీలు, తెలుగులో, ఉర్దూలో మాట్లాడే ఇద్దరు అటెండర్లు. వచ్చినవాళ్ల తలలు లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాయడంతో పాటు, ఒక్కో వస్తువు ముందు ఒక్కో కుటుంబం ఎన్ని నిమిషాలు నిలబడిందో, పిల్లలు అడిగిన ప్రశ్నలేమిటో కూడా ఆ రిజిస్టర్‌లోనే ఇంకో కాలమ్‌లో రాసుకోవాలి.